వ్యాయామమునకు జీతపు గురువు వలయునా?



నేటి ప్రసంగవిషయము విని పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. నాగలి పట్టినవానికి, కపిల తోలినవానికి, చెఱకు నఱకినవానికి వ్యాయామ మేల? దానికి మరల జీతమిచ్చి యొక గురువును పెట్టుకొనుట యేల? నేనును నిరుటి వఱకు ఇట్లే తలంచితిని. కాని యిప్పుడు కపిల లేదు, మోటారు వచ్చినది. ఎద్దులు లేవు, ట్రాక్టరు వచ్చినది. అంగడికి పోవలెనన్న మనుమని బండి వెనుక కూర్చుండుటయే. తిండి మాత్రము కపిల తోలిన నాటి తిండియే. భారత వైద్య పరిశోధన మండలివారు 2023లో ప్రకటించిన లెక్కను బట్టి మన దేశమున మధుమేహము గలవారు పది కోట్లకు పైబడియున్నారు. వారందఱు పట్నవాసులే యని మనము తృప్తిపడుటకు వీలులేదు. మా రచ్చబండ మీద కూర్చుండు తొమ్మండుగురిలో అయిదుగురు భోజనమునకు ముందు మాత్ర వేసికొనువారే.

నా సంగతి చెప్పెదను. నిరుడు కార్తికమాసమున పూజ ముగించి పీట మీదినుండి లేవబోగా, కాళ్లు నా మాట వినవయ్యెను. గోడ పట్టుకొని లేచితిని. తిరుపతిలో వైద్యుడు పరీక్షించి, "అయ్యా, మోకాళ్లు పాడుకాలేదు, తొడలలో కండ కరగిపోయినది. మందు వ్రాయను, వ్యాయామము వ్రాసెదను" అనెను. పట్నములో నున్న మా కుమారుడు వెంటనే, "నాయనా, జిమ్ములో పనిచేయు నొక పిల్లవాడున్నాడు. ఇంటికే వచ్చి చేయించును. పర్సనల్ ట్రైనర్ అందురు. నెలకు 6000 రూపాయలు" అని చెప్పెను. పేరు క్రొత్తదే కాని మనిషి క్రొత్తవాడు కాడు. మన పెద్దలు వానిని వస్తాదు అనిరి.

నేను వలదంటిని. మూడు కారణములు చెప్పితిని. ఈ వయస్సున నొక కుఱ్ఱవాడు నాచేత గుంజీలు తీయించుటయా యని సిగ్గు మొదటిది. ధనవ్యయము రెండవది. మూడవది నాకు గట్టిగా తోచినది: తన మనస్సే కదలనివానిని కూలికి వచ్చినవాడు కదలించునా?

కావున ఒంటరిగా మొదలుపెట్టితిని. తొమ్మిది దినములు జరిగినది. పదవనాడు చినుకులు పడినవి. పదునొకండవనాడు బంధువులు వచ్చిరి. పండ్రెండవనాడు ఏకాదశి, ఉపవాసము. అటుపిమ్మట కారణము కూడ అవసరము లేకపోయెను. ముప్పదియాఱు సంవత్సరములు బడిలో నే వినిన సాకులన్నియు నా నోటనే వెలువడుచుండగా నా సహధర్మచారిణి విని, "బడిపిల్లోళ్లకు చెప్పినంత సులువు కాదులెండి" అనెను.

ఆ మాట నన్ను పాతదినములలోనికి తీసికొనిపోయినది. బెత్తమునకు వెఱచి శబ్దమంజరి గడగడ నప్పగించిన పిల్లలు నా యొద్ద ననేకులుండిరి. వారిలో నొకడు పెద్ద యుద్యోగియై యొకనాడు నాకు కనబడి నమస్కరించెను. వానికి రామశబ్దమైనను మిగిలియుండలేదు. తరగతిలో వెనుకనుండిన యింకొకడు మాత్రము ఇప్పటికిని పుస్తకము వదలలేదు. వానిని నేనెన్నడును కొట్టియుండలేదు. వెలుపలి తాకిడితో నడచినది ఆ తాకిడి యున్నంతవఱకే నడచును. ఇది నా పని మీద నేనే చెప్పుకొను సాక్ష్యము గనుక నిష్టము లేకున్నను ఒప్పుకొనుచున్నాను. ఉత్సాహమును జీతమునకు కొనవలెనని వస్తాదును పిలుచువాడు, జీతము నిలిచిననాడు ఉత్సాహమును గూడ పంపివేయును.

అయినచో వస్తాదు నిరర్థకుడా? అట్లనుటకును వలను పడదు. మన పూర్వులు గురువు లేక సాము చేసినవారు కారు. కలియుగభీముడని కీర్తి గడించి 1942లో పరమపదించిన కోడి రామమూర్తినాయుడుగారంతటివారు కూడ మదరాసు సైదాపేటలో వ్యాయామవిద్యను శిక్షణగా నభ్యసించి, విజయనగరమున బడిపిల్లలకు వ్యాయామోపాధ్యాయులైరి. మా యూరి తాలింఖానాలో వస్తాదు నెలజీతము పుచ్చుకొనలేదు. కాని పండుగకు పంచెలచాపు, నూర్పిడికి వడ్లు అతని యింటికి చేరుచుండెను. ఇచ్చుటలో క్రొత్త యేమియు లేదు, ఇచ్చు రూపము మాఱినదంతే. ఎముక విఱిగిన పిదప పుత్తూరు కట్టు కట్టించుకొనుటకు పరుగెత్తుదుము. ఆ కట్టునకు ఎచ్చటెచ్చటి నుండియో బండ్లు కట్టుకొని వచ్చుదురు. విఱుగకుండ కాళ్లకు బలము నేర్పువానికి రూపాయి యీయవలెనన్న మాత్రము మనకు లెక్కలు జ్ఞప్తికి వచ్చును!

ఇక శాస్త్రము. వాగ్భటుడు అష్టాంగహృదయమున వ్యాయామమును శ్లాఘించుచునే, తన బలములో సగము వఱకే చేయవలెనని కట్టడి చేసెను. వృద్ధులు దానిని మానవలెననియు చెప్పెను. వైద్యుని యెదుట నేనీ మాటనే అడ్డము పెట్టుకొంటిని. ఆయన నవ్వి, ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2020లో ప్రకటించిన సూచనలు చూపెను. పెద్దవారు వారమునకు 150 నిమిషములకు తక్కువ కాకుండ ఒక మోస్తరు శ్రమ చేయవలయును. రెండు దినములైనను కండలకు బలమిచ్చు పనులుండవలయును. 65 ఏండ్లు నిండినవారు తూలిపడకుండుటకై నిలుకడ నిచ్చు అభ్యాసములు వారమునకు మూడు దినములైనను చేయవలయును. ముసలివారిని మానుమనుట లేదు సరికదా, వారికి మఱియొకటి చేర్చినారు. ఇంటికి వచ్చి వాగ్భటుని మరల తెఱచితిని. ఆయన వలదన్నది మల్లుర శ్రమ వంటి తీవ్రశ్రమ యని నాకిప్పుడు తోచుచున్నది. సగము బలమన్న మాటయో, నేటికిని చెల్లుచున్నది. అయితే సగమెచ్చట ముగియునో మన దేహము విషయమున మనకు తెలియదు. తెలిసినవాడొకడు ప్రక్కన నిలిచి "ఇక చాలు" అనవలయును. నా యొంటరి ప్రయత్నములో మూడవనాడే నడుము పట్టినది. అది తక్కువ చేసినందున గాదు, తప్పుగా వంగినందున.

కావున వస్తాదు వలన కలుగునవి రెండు. ఒకటి విధానము: మోకాలిని ఎట్లు మడువవలెను, ఊపిరి నెప్పుడు వదలవలెను, మెట్టు దిగునపుడు బరువు నెచ్చట నుంచవలెను అనునది. దీనిని పుస్తకము చెప్పునుగాని, నా తప్పును పుస్తకము చూడలేదు. రెండవది వేళ: ఒకడు వచ్చి తలుపు తట్టుననెడి జంకు. మొదటిదానికి మూల్యమీయవచ్చును. రెండవది పొరుగింటివాడు కూడ ఉచితముగా నీయగలడు.

ఈ నిర్ణయమునకు వచ్చి, రచ్చబండ మీద మాట కదలించితిని. ఒక విశ్రాంత పోస్టుమాస్టరుగారును, ఒక చెఱకు రైతును కలిసివచ్చిరి. ముగ్గురికి నొక్క వస్తాదు, నెలకు తలకు 2000. వారమునకు మూడు దినములు, రెండు నెలలు మాత్రము. ఊరివారు ఊరకుందురా? "ఏం అయివారూ, కూర్చోని లేసేదానికి కూలికి మనిషిని పెట్టుకుంటిరంట!" అని యొకడు బావి గట్టు మీదనే యడిగెను. "పెట్టుకొంటిని నాయనా, నీవు ఉచితముగా నేర్పెదవా?" అంటిని.

మొదట వచ్చిన కుఱ్ఱవాడు మా నాడి గాని మా మందుల చీటీ గాని చూడకయే, బలమునకు డబ్బాలలో అమ్ము పొడి నొకదానిని కొనుమనెను. వానికి కాఫీ యిచ్చి పంపితిమి. మీరెవరైన నిట్టివానిని కుదుర్చుకొనదలచినచో, ఎచ్చట నేర్చెనో అడుగుడు. మీ వైద్యుడు చెప్పినది వినుటకు ఓపిక గలవాడో కాడో చూడుడు. ఏమైన అమ్మజూపినచో వాకిలి చూపుడు. గుండె జబ్బు గలవారు, రక్తపుపోటు గలవారు, మధుమేహమునకు మందు వాడువారు వస్తాదు కంటె ముందు వైద్యుని చూడవలయును. రొమ్ములో నొప్పి గాని తల తిరుగుట గాని కలిగినచో ఆ క్షణమే యాపవలయును. ఇందులో పౌరుషమునకు తావు లేదు.

రెండవవాడు మాట తక్కువవాడు. నన్నొక కుర్చీలో కూర్చుండబెట్టి, చేతులు రొమ్ముపై కట్టుకొని లేచి కూర్చుండుమనెను. అర నిమిషములో నాలుగు మాఱులు లేచితిని. అయిదవమాఱు చేయి కుర్చీని పట్టుకొనెను. ఆ నాలుగును ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటించెను. నా విద్యార్థుల మార్కులు నే గోడకెక్కించినపుడు వారికెట్లుండెనో నాకానాడు తెలిసినది. వాడు కేకలు వేయలేదు, పొగడను లేదు. "మడమ లేవకూడదు సార్", "ఊపిరి బిగబట్టవద్దు సార్", ఇవియే వాని మాటలు. రెండు నెలలు నిండునప్పటికి నాలుగు పదునొకటియైనవి. అప్పుడు వాడే, "ఇక నాతో పనిలేదు సార్. నెలకొక్కసారి వచ్చి తప్పులు చూచిపోయెదను" అనెను. జీతము పోవునని తెలిసియు నట్లనినవాడు గురువు. నేను బడిలో ఎందఱు పిల్లలతో నట్లంటినో లెక్క చూచుకొంటిని. చాల తక్కువ. వసారాలో కూరలు తఱుగుచు ఇదంతయు చూచిన నా సహధర్మచారిణి, దమ్మిడీ యీయకయే ఆ కుర్చీ విద్య నేర్చుకొన్నదని తరువాత బయటపడినది. ఆమె లెక్క పదుమూడు.

ఇంతవఱకు నా సిద్ధాంతమునకు అనుకూలముగనే జరిగినది. కాని చెఱకు రైతుగారి సంగతి దాచుట న్యాయము కాదు. వస్తాదు రాకపోకలు తగ్గిన వారమునకే ఆయన మానివేసెను. మేము పిలిచినను రాలేదు. "నాకు మనిషి వస్తేనే అయితాది సామీ. దుడ్లు ఇస్తా ఉంటే ఆ దుడ్ల కోసరమన్నా లేస్తా" అని మరల వానినే పెట్టుకొనెను. మొదట నాకు కోపము వచ్చినది. తరువాత ఆలోచించితిని. ఆయనకు భార్య గతించినది, పిల్లలు బెంగుళూరులో నున్నారు. ఉదయమున ఆ తలుపు తట్టు మనిషి యింకొకడు లేడు. ఆయన కొనుచున్నది వ్యాయామమొక్కటియే యని నేననలేను. ఆ రూపాయలు వ్యర్థమనుటకు నాకు నోరు రాలేదు. నా సిద్ధాంతములో నీ పాటి లొసుగున్నది; ఉన్నట్లే చెప్పుచున్నాను.

నాకీ పట్టుదల యెందుకన, కొండ. 1944లో ఘాటురోడ్డు వచ్చువఱకు మన పెద్దలు తిరుమలకు నడచియో, డోలీ మీదనో ఎక్కినవారే. బస్సులు వచ్చిన పిమ్మటను మా యింట నడచి ఎక్కుటయే ఆచారము. అలిపిరి త్రోవలో 3550 మెట్లు. గాలిగోపురము వఱకు నిట్రముగా నుండును, నడుమ చాల దూరము సుగమము, చివర మోకాళ్లపర్వతము పేరుకు తగినట్లే యుండును. 60 ఏండ్లు దాటినవారును, గుండెజబ్బు, మధుమేహము, ఉబ్బసము మొదలగునవి గలవారును నడచి రాకుండుట మేలని దేవస్థానమువారు 2024లో హితవు చెప్పియున్నారు. అది మన మేలు కోరి చెప్పినది. దానిని కాదని మొండికెత్తి మెట్ల మీద కూలి, ఇతరులచేత మోయించుకొనుట భక్తి కాదు. నేను వైద్యుని మరల కలసితిని. గుండెను పరీక్షించి, "కొండంతయు కాదు, కొన్ని మెట్లు ఎక్కి దిగి రండు. తరువాత చూతము" అనెను.

గత మాసమున తెల్లవాఱుజామున పాదాలమండపము వద్ద మ్రొక్కి, పోస్టుమాస్టరుగారును నేనును 300 మెట్లు లెక్కపెట్టి ఎక్కి, కూర్చుండి, మెల్లగా దిగివచ్చితిమి. మొన్న 450. దిగునపుడే మోకాలు కొంచెము కలుక్కుమనినది; వస్తాదు ఈ నెల వచ్చినపుడు చూపవలెను. గాలిగోపురము ఇంకను చాల పైననే యున్నది. రేపు ఉదయము అయిదు గంటలకు పోస్టుమాస్టరుగారు తలుపు తట్టుదురు. ఆయన రానిచో నేను పోయి వారి తలుపు తట్టవలయును.