గురుద్వారము, సమాజ మందిరము

గురుద్వారము ప్రక్కన వేరొక సమాజ మందిర మెందులకని కొంద రడుగుచున్నారు. సిక్కుల తొలి ప్రార్థనాస్థలములకు ధర్మశాల యనియే పేరు. కీర్తనయు, బాటసారి బసయు నచ్చటనే. లంగరు ఒక పూట ఆకలి తీర్చును. చదువుకొను బాలునకు నాలుగేండ్ల నీడ కావలెను గదా! కాలిఫోర్నియాలో 1912లో వెలసిన స్టాక్టను గురుద్వారమువారు ఈ సంగతి నెఱిగి, దూరమున బర్క్‌లీలో విద్యార్థులకు అద్దె లేని యింటిని నడపిరి. 1920లో అందు దిగిన దలీప్ సింగ్ సౌంద్ 1956లో అమెరికా కాంగ్రెసునకే ఎన్నికయ్యెను.

ఇక న్యాయవాది మాట యొకటి, కటువైనను వినుడు. మందిరపు పద్దు వేరు, ఈ యింటి పద్దు వేరుగా నుండవలెను. లేనిచో శిఖరమునకు పసిడిపూత తలపెట్టిన యేట పుస్తకశాలకు తాళము పడును. అన్యమతపు బాలునకును ప్రవేశము కలదని దస్తావేజునందే వ్రాయింపుడు.