నూలుపోగు నేర్పిన పాఠం



వస్త్ర రూపకల్పన అంటే కాగితంపై బొమ్మ గీయడమేనని భావించి కళాశాలలో చేరిన ఒక విద్యార్థిని అనుభవం ఆలోచింపదగినది. శ్రీకాళహస్తిలో ఆమె కలం పట్టడానికి ముందు కరక్కాయ కషాయంలో, పాలలో గుడ్డను నానబెట్టి ఎండబెట్టవలసివచ్చింది. పాలలోని కొవ్వు రంగును పాకనీయదు. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో ఊరవేసి తీసిన ద్రవం కరక్కాయ వగరును తాకగానే నల్లబడుతుంది. పటిక పూసిన చోటనే మంజిష్ఠ ఎరుపు నిలుస్తుంది. తప్పు గీతను చెరపడం దుస్సాధ్యం.

కచ్ఛ్‌లో ఆమెకు భాష తెలియదు. అక్కడి స్త్రీల చేతివేళ్లే బాంధనీ ముడులను నేర్పాయి. అక్కడ నేసిన గుడ్డకు ముడులు వేస్తే, పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు కట్లు కట్టి అద్దుతారు. పాటన్ పటోలాలో, పుట్టపాక తేలియా రుమాలులో పడుగునూ పేకనూ కూడా అలాగే అద్దుతారు. మగ్గంపై రెండింటి రంగులూ కలిసినపుడే ఆకృతి తేటపడుతుంది.

అయితే ఇన్నాళ్ల శ్రమను యంత్రం గంటలలో అచ్చువేసి చౌకగా అమ్ముతున్నది. 1985 నాటి చట్టం కొన్ని రకాలను చేనేతకే ప్రత్యేకించింది. 1999 నాటి భౌగోళిక సూచికల చట్టం ప్రాంతీయ నామాలకు రక్షణ కల్పించింది. కాని కొనేవారికి తేడా తెలియనప్పుడు చట్టమొక్కటే చాలదు. ఇకత్ గుడ్డలో రంగు రెండు వైపులా సమానంగా ఉంటుంది. ఒకవైపే అచ్చువేసిన నకలుకు వెనుక భాగం వెలవెలబోతుంది. గుడ్డను తిరగేసి చూచే ఈ చిన్న అలవాటు నేతగాని కూలిని నిలబెడుతుంది.