గొంతుక్కూర్చునే బిడ్డ

వార్డు ఆరోగ్య దినాన ఒక తల్లిగా మాట్లాడమని నన్ను కోరారు. నేను వైద్యురాలిని కాను. మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చి స్థిరపడిన ఇల్లాలిని. నాకు తెలిసినది మా అమ్మాయి గుండె ఒక్కటే.

రెండేళ్ల వయసులో పాప నాలుగడుగులు పరుగెత్తి చటుక్కున గొంతుక్కూర్చునేది. కాసేపటికి లేచి మళ్లీ ఆడేది. మేము చూసి నవ్వుకునేవాళ్లం. పెదవులు నల్లబడితే చలి అనుకున్నాం, గోళ్లు నీలంగా ఉంటే మేనిఛాయ అనుకున్నాం. ఆ నవ్వు తలచుకుంటే నేటికీ నాకు సిగ్గు. ఊపిరితిత్తులకు రక్తం చాలని బిడ్డ, ఎవరూ నేర్పకుండానే తన వైద్యం తాను చేసుకుంటోంది. అలా కూర్చుంటే కాళ్లలోని రక్తనాళాలు ఒత్తుకుని, రక్తం ఊపిరితిత్తుల వైపు ఎక్కువగా మళ్లుతుందట.

వ్యాధి పేరు ఫాలో టెట్రాలజీ. గుండె కింది గదుల మధ్య గోడకు రంధ్రం. ఊపిరితిత్తులకు పోయే దారి ఇరుకు. బృహద్ధమని ఆ రంధ్రం మీదికి జరిగి ఉంటుంది. కుడి గది కండరం మందమవుతుంది. ఈ లోపం గర్భంలోనే ఏర్పడుతుంది. గ్రహణంనాడు నేను కూరగాయలు తరిగినందుకే అన్నారు మా బంధువులు. చాలాకాలం నేనూ నమ్మాను. ఆ మాట అబద్ధమని డాక్టరమ్మ చెప్పిన రోజున ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఒకనాడు సిటీ బస్సులో పాప ఏడ్చి ఏడ్చి నీలమైపోయింది. ఒకరు నీళ్లు పట్టమన్నారు, ఒకరు విసరసాగారు. డాక్టరమ్మ నేర్పినట్టు మోకాళ్లు రొమ్ముకు ఆనేలా మడిచి గట్టిగా పట్టుకున్నాను. కండక్టరు “ఏనాయ్తమ్మా” అని మాత్రం అడిగి, బస్సును నేరుగా ఆసుపత్రి వాకిట ఆపించాడు.

కార్డులో చిరునామా ఊరిది, అద్దె ఇల్లు ఇక్కడిది. ఒక కౌంటరులో మమ్మల్ని మూడుసార్లు తిప్పి పంపారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల్లో ఒకసారి పిల్లలను పరీక్షిస్తారు. పుట్టు గుండెజబ్బులు ఆ జాబితాలో ఉన్నాయి. మా పాప పేరు ఊళ్లోని పుస్తకంలోనూ లేదు, ఇక్కడి పుస్తకంలోనూ లేదు. ఇల్లు మారిన వారంలోనే పిల్లల పేర్లు రాయించండి. కన్నడం రాకపోతే పక్కింటివారిని తోడు తీసుకుపోండి; మేము అదే చేయలేదు.

నాలుగో ఏట శస్త్రచికిత్స జరిగింది. రంధ్రం మూసి, ఇరుకైన దారిని వెడల్పు చేశారు. స్పృహ వచ్చాక చూస్తే గోళ్లు గులాబిరంగులో ఉన్నాయి. బిడ్డ గోళ్ల అసలు రంగు నేను అంతవరకు చూడలేదు.

ఇందులో మరొకరి కథ ఉంది. మా పెద్దవాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. జ్వరం వచ్చినా మాకు చెప్పడం మానేశాడు. ఆ సంగతి అతని టీచరు చెబితే గాని మాకు తెలియలేదు. ఇప్పటికీ వాడు తలనొప్పి అంటే మా ఆయన లేచి నిలబడతారు.

ఆపరేషనుతో అంతా తీరదు. వాల్వు లీకవుతుందేమో జీవితాంతం చూపించుకోవాలి. పళ్ల శుభ్రం తప్పనిసరి, నోటి క్రిములు గుండెకు పాకగలవు. అమ్మాయి ఇప్పుడు ఆరో తరగతి. వచ్చే నెల ఎకో పరీక్ష ఉంది. ఈసారి ఫైలు తానే మోస్తానని, డాక్టరమ్మతో తానే మాట్లాడతానని, నన్ను బయట కూర్చోమని చెప్పింది.