ఒక కొమ్మ పొరుగింట్లో ఉండాలి

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఉద్దానం గ్రామ సంఘం తరఫున మాట్లాడిన మాటలు)



కొమ్మలు నాటి మొక్కలు ఎలా పెంచుతున్నారో చెప్పమని మమ్మల్ని అడిగారు. మా సంఘంలో అందరికన్నా ఎక్కువ చదువు పదో తరగతి. పుస్తకం చూసి చెప్పేది కాదు ఇది. చేసి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకున్నదే చెబుతాము.

మాది ఉద్దానం. జీడి, కొబ్బరి, పనస చెట్ల నీడలో పెరిగినవాళ్ళం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆ రోజు సంగతి మీకు మేము చెప్పక్కర్లేదు, మీరూ చూసినవాళ్ళే. కూలిన జీడి చెట్లకు, కొబ్బరి చెట్లకు లెక్క రాశారు. పెరటి మొక్కలకు మాత్రం లెక్క ఎవరు రాస్తారు? ములగ, కరివేపాకు, మల్లెపందిరి, నందివర్ధనం అన్నీ పోయాయి. రోజూ కూరలోకి, దేవుడికి, తల్లోకి వచ్చేవి అవే కదా.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. ఆవిడ పెరట్లో ఎర్ర ముద్దమందారం ఉండేది. ఆవిడ అత్తగారు నాటింది. తుపానుకి కొబ్బరి చెట్టు దాని మీద పడి మొదలంటా నలిగిపోయింది. ఇంటి రేకులు ఎగిరిపోయినప్పుడు ఏడవని మనిషి, ఆ మొదలు దగ్గర కూచుని ఏడ్చింది. "ఇదేటి పెద్దమ్మా, మందారానికి ఏడుస్తావేటి" అన్నాము. "మా అత్త చేతిది ఇదొక్కటే మిగిలిందే" అంది. మేము మరి మాట్లాడలేదు.

కొన్నాళ్ళకి బొబ్బిలి వైపు ఇచ్చిన ఆడబడుచు చూడ్డానికి వచ్చింది. విషయం విని, "వదినా, మన మందారం మా ఇంట్లో ఉంది కదా. నా పెళ్ళయిన ఏడు నువ్వే కొమ్మ కోసి ఇచ్చావు, మర్చిపోయావేటి" అంది. మళ్ళీ వచ్చినప్పుడు తడి గోనెలో చుట్టి పది కొమ్మలు బస్సులో తెచ్చింది. పదిలో మూడు బతికాయి. ఆ మూడింటి నుంచే ఇప్పుడు మా వీధి వీధంతా ఆ మందారం పూస్తోంది.

కొమ్మతో వచ్చిన మొక్క అచ్చం తల్లి మొక్కే. అదే రంగు, అదే రేకు. గింజతో వచ్చిన మొక్క తల్లిలాగా ఉండొచ్చు, ఉండకపోవచ్చు. అందుకే మంచి మొక్క ఉన్నవాళ్ళు దాని కొమ్మ ఇంకొకరికి ఇచ్చి ఉంచితే, తమ మొక్కని దాచుకున్నట్టే. పెట్టెలో దాచుకుంటే పెట్టెతో పోతుంది. పొరుగింట్లో దాచుకుంటే మిగులుతుంది.

ఇది మనకు కొత్త విద్య కాదు. మన రెండు జిల్లాల రైతులు చెరకు ముచ్చెలు నాటడం చిన్నప్పటి నుంచి చూస్తున్నాము. చిలగడదుంపకి తీగ ముక్కలే నాటుతారు. తూర్పు గోదావరి వైపు కడియం, కడియపులంక ఊళ్ళలో నర్సరీలే బతుకు. మన సంతల్లో, రోడ్డు పక్కన అమ్మే పూల మొక్కల్లో చాలావరకు అటునుంచి లారీల మీద వస్తున్నవే. అక్కడివాళ్ళ చేతికి వచ్చిన పని మన చేతికి రాదా అని మొదలుపెట్టాము.

మొదటిసారి మా చేతికి రాలేదు. అదీ చెప్పాలి. సంఘం పొదుపులోంచి 3,000 రూపాయలు తీసుకుని కవర్లు, ఎరువు, ఇసుక కొన్నాము. రెండు వందల కొమ్మలు నాటాము. పది రోజులకి చిగుర్లు వచ్చాయి. సంబరపడి అన్నింటినీ ఎండలోకి మార్చాము. వారం తిరక్కుండా నల్లబడిపోయాయి. చివరికి మిగిలినవి పంతొమ్మిది. మీటింగులో పెద్ద గొడవ. "కొమ్మలు గుచ్చితే డబ్బులొస్తాయేటి, పొదుపు డబ్బు మట్టిలో పోశారు" అని ఒక అప్ప లేచి నిలబడి అడిగింది. ఆవిడ అడిగింది తప్పు కాదు, అది అందరి డబ్బు. నష్టాన్ని పుస్తకంలో నష్టం అనే రాసి, పని చేసిన ఆరుగురం ఆరు నెలల్లో కట్టేశాము. ఆ తర్వాతే రెండోసారి అడిగాము. ఆ అప్పే మొదట సంతకం పెట్టింది.

ఎక్కడ తప్పు చేశామో వరసగా చెబుతాము. మీరు ఆ డబ్బు పోగొట్టుకోనక్కర్లేదు.

ఒకటి. చిగురు వచ్చిందంటే వేరు వచ్చినట్టు కాదు. కొమ్మలో దాచుకున్న తిండితో ముందు చిగురు వేస్తుంది. ఆ తిండి అయ్యేలోగా వేరు దిగితే బతుకుతుంది, లేకపోతే ఎండుతుంది. కవరు అడుగు కన్నంలోంచి తెల్ల వేరు కనబడేదాకా నీడలోంచి కదపకూడదు. ఆ తర్వాత కూడా ముందు పొద్దుటి ఎండ, అలవాటయ్యాక పూర్తి ఎండ.

రెండు. వేరు వచ్చిందా లేదా అని మేము రెండు రోజులకొకసారి పీకి చూశాము. దారమంత లేత వేర్లు అప్పుడే తెగిపోయాయి. అన్నం ఉడికిందా అని మూత తీసినట్టు కాదు ఇది.

మూడు. బలం కోసమని పచ్చి పేడ కలిపాము. వేరు లేని కొమ్మకి ఎరువు అక్కర్లేదు, పచ్చి పేడ వేడికి అడుగు కుళ్ళిపోతుంది. ఇప్పుడు సగం ఇసుక, సగం ఎర్రమట్టి. బాగా చివికిన పశువుల ఎరువు గుప్పెడు, అంతే. నీళ్ళు నిలవకుండా పాల కవర్లకైనా సరే అడుగున కన్నాలు పెట్టాలి.

ఇక కోసే పద్ధతి. మరీ లేత కొమ్మ కుళ్ళుతుంది, మరీ ముదురు కొమ్మ మొండికేస్తుంది. పెన్సిలు లావు కొమ్మ, జానెడు పొడుగు, మూడు నాలుగు కణుపులు ఉండాలి. కింద కణుపుకి కొంచెం దిగువన ఏటవాలుగా కోయాలి, పైన అడ్డంగా కోయాలి. అలా చేస్తే ఏది తల, ఏది కాలు అని తికమక ఉండదు. మా గుంటలు మొదట్లో సగం కొమ్మలు తలకిందులుగా నాటారు! కింది ఆకులు తీసేయాలి. పైన రెండు ఆకులు ఉంచి, పెద్దవైతే సగానికి కత్తిరించాలి. వేరు లేకుండా నీళ్ళు తాగడం కొమ్మకి కష్టం, ఆకులేమో నీళ్ళు పోగొడతాయి. రెండు కణుపులు మట్టిలోకి పోవాలి. నాటాక చుట్టూ మట్టి గట్టిగా నొక్కాలి.

వానలు పట్టాక, ఆషాఢ శ్రావణాల్లో మొదలుపెడితే గాలిలో తేమ ఉండి మనకు సగం పని తగ్గుతుంది. నీళ్ళు చిలకరించాలి గానీ పొయ్యకూడదు. కత్తి వేడినీళ్ళతో కడుక్కోవాలి. పిండినల్లి పట్టిన మందారం కొమ్మ తెస్తే పిండినల్లినీ ఇంటికి తెచ్చినట్టే. గన్నేరు కోస్తే చేతులు కడుక్కోండి, పిల్లల్ని దగ్గరకి రానివ్వకండి, అది విషం.

మందారం, నందివర్ధనం, గన్నేరు, వాము ఆకు, బచ్చలి తీగ, పొన్నగంటి కొమ్మతో సులువుగా వస్తాయి. వేరు పట్టించే పొడులు నర్సరీలవాళ్ళు వాడతారు, వీటికి అవి లేకపోయినా ఫరవాలేదు. సంతలో కొన్న పుదీనా కట్టలో లావు కాడలు నాలుగు ఏరి గ్లాసుడు నీళ్ళలో పెట్టండి, వేర్లు మీ కళ్ళముందే వస్తాయి. మల్లెకి కొమ్మ నాటొచ్చు. తీగని వంచి మట్టిలో తొక్కి, వేరు దిగాక తల్లి నుంచి కోస్తే ఇంకా నమ్మకం. కరివేపాకు మొదట్లో వచ్చే పిలకని వేరుతో తీసుకోవడం మేలు. జీడికి, మామిడికి కొమ్మ నాటి లాభం లేదు, అంటు కట్టాలి. కొబ్బరికైతే కొమ్మే లేదు!

ములగ గురించి విడిగా చెప్పాలి. కాపు అయ్యాక చెయ్యంత లావు కొమ్మని మూడు నాలుగు అడుగుల పొడుగున కోసి, కోసిన చోట నీడలో ఆరనిచ్చి నాటితే వస్తుంది. తొందరగా కాస్తుంది కూడా. కానీ కొమ్మతో వేసిన చెట్టుకి తల్లివేరు ఉండదు. గింజతో మొలిచిన చెట్టు అయితే లోపలికి తల్లివేరు దించుతుంది. మనది ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో గాలివానకి గుండె పట్టుకుని కూచునే ప్రాంతం. అందుకని మేము ఇంటి గోడకి, కరెంటు తీగలకి దూరంగా నాటుతున్నాము. దసరా ముందే పై కొమ్మలు తగ్గించి గాలికి బరువు లేకుండా చేస్తున్నాము. పెరట్లో ఒకటి కొమ్మతో వేస్తే ఇంకొకటి గింజతో వేయండి.

డబ్బు సంగతి అడుగుతారు. దీంతో మేము మేడలు కట్టలేదు. పోయిన శ్రావణంలో మొక్క 20 రూపాయల చొప్పున కాశీబుగ్గలో అమ్మి, మొదట పోయిన 3,000 తిరిగి తెచ్చుకున్నాము, పైన పిల్లల నోటు పుస్తకాలకి సరిపోయింది. కూరకి ములక్కాడ, ఆకుకూర కొనడం తగ్గింది. అది ఏ పుస్తకంలోనూ ఎక్కదు గానీ ఇంట్లో తెలుస్తుంది.

మా గ్రామ సంఘంలో ఒక తీర్మానం చేసుకున్నాము. సమాఖ్య మొత్తం చేసుకోవాలని మా కోరిక. ప్రతి సభ్యురాలు తన పెరట్లో తనకి ఇష్టమైన ఒక మొక్క కొమ్మలు ఏటా మూడు నాటాలి. ఒకటి తనకి. ఒకటి పక్కింటికి. మూడోది ఊరు దాటాలి, పుట్టింటికో, ఆడబడుచు ఇంటికో, ఇంకో మండలంలోని సంఘానికో. ఎవరికి ఏది ఇచ్చామో మీటింగు పుస్తకంలో వెనక పేజీలో రాసుకోవాలి. తుపాను ఊళ్ళన్నింటినీ ఒక్కసారి ముంచదు కదా. మాది పోయిన రోజున మీది ఉంటుంది. మీది పోయిన రోజున మేము తడి గోనెలో చుట్టుకుని బస్సెక్కుతాము.

ఆ పెద్దమ్మ ఈ రోజు సభకి రాలేకపోయింది, మోకాళ్ళ నొప్పులు. కానీ మందారం మొక్కలు పంపింది. తలుపు దగ్గర గంపలో ముప్పై ఉన్నాయి. వేరు దిగినవే, మేము చూసి తెచ్చాము. డబ్బులు వద్దంది. తీసుకున్నవాళ్ళు ఊరి పేరు మాత్రం రాసి వెళ్ళండి, ఆవిడకి చదివి వినిపించాలి.

సెలవు.