చర్మం చొక్కా కాదు



ఇవాళ ఒక డ్రెస్సు గురించి మాట్లాడతా. చిన్నపిల్లల డ్రెస్సే. కానీ దాని మీద ఎన్నో దీవుల జనం ఒక్కటై లేచారు.

అమెరికాలో అక్టోబర్ 31న హాలోవీన్ పండుగ చేస్తారు. పిల్లలు దయ్యాల వేషాలు, సినిమా హీరోల వేషాలు వేసుకుని ఇంటింటికీ పోయి మిఠాయిలు అడుగుతారు. 2016లో డిస్నీ కంపెనీ 'మోవానా' అనే బొమ్మల సినిమా తీసింది. అందులో మావుయి అనే పాత్ర ఉంది. చూసేవాళ్లకు అది బొమ్మే. కానీ హవాయి ఆదివాసులకు, న్యూజిలాండ్ మావోరీలకు, ఇంకా ఎన్నో పసిఫిక్ దీవుల జనానికి మావుయి తమ పూర్వీకుల కథల్లోని వీరుడు. గాలం వేసి సముద్రంలోంచి దీవులను పైకి లాగినవాడు. న్యూజిలాండ్ ఉత్తర దీవిని మావోరీలు ఇప్పటికీ 'మావుయి చేప' అనే పిలుస్తారు.

సినిమా నవంబర్‌లో వచ్చింది. అంతకుముందే, సెప్టెంబర్‌లోనే, మావుయి డ్రెస్సు అమ్మకానికి పెట్టారు. ఏముంది అందులో? ఒళ్లంతా కప్పే గోధుమరంగు చొక్కా, ప్యాంటు. వాటి నిండా అచ్చేసిన పచ్చబొట్లు. నడుముకు ఆకులు, మెడలో ఎముకల దండ. అంటే డబ్బులిస్తే ఏ పిల్లగాడైనా ఆ దీవుల మనిషి చర్మాన్ని తొడుక్కోవచ్చు. రాత్రికి విప్పి మూలకు పడేయొచ్చు.

ఆ దీవుల జనం ఊరుకోలేదు. మావోరీ పార్టీ సహ నాయకురాలు మరామా ఫాక్స్ గట్టిగా తప్పుపట్టారు. యువత సోషల్ మీడియాలో నిలదీసింది. కొద్ది రోజుల్లోనే కంపెనీ క్షమాపణ చెప్పి ఆ డ్రెస్సును షాపుల్లోంచి తీసేసింది.

"పిల్లల సరదా కదా, ఇంత గోలెందుకు?" అన్నవాళ్లూ ఉన్నారు. నిజమే, హీరోని ఇష్టపడ్డ పిల్లగాడి తప్పేముంది? నిలదీయాల్సింది పిల్లగాణ్ని కాదు. కుట్టించినవాణ్ని, అమ్మినవాణ్ని. మావోరీల పచ్చబొట్టులో వంశం ఉంటది, పూర్వీకుల కథ ఉంటది. మా అమ్మమ్మ చేతుల నిండా పచ్చబొట్లు ఉండేవి. "వెండి, బంగారం ఇక్కడే ఉండిపోతయి బిడ్డా, నాతోని మట్టిలోకి వచ్చేది ఇదొక్కటే" అనేది. దాన్ని గుడ్డ మీద అచ్చేసి అమ్ముతారా?

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్తా. పట్నంలో ఇంటర్ చదివేటప్పుడు కాలేజీ వార్షికోత్సవంలో నలుగురు పోరగాళ్లు ఒంటికి బొగ్గుపొడి పూసుకుని, నడుముకు మామిడి కొమ్మలు కట్టుకుని, ఏవో అర్థం లేని కేకలేస్తూ స్టేజీ ఎక్కారు. అది 'ఆదివాసీ నృత్యం' అంట! హాలంతా పడిపడి నవ్వింది. ఫస్ట్ ప్రైజ్ ఇచ్చారు. నేనూ చప్పట్లు కొట్టిన. కొట్టకపోతే నేనెవరో తెలిసిపోతదని భయం. వాళ్లు ఇంటికిపోయి బొగ్గు కడుక్కున్నారు. ఆ చప్పట్లు నా చేతులకు ఇంకా అంటుకునే ఉన్నయి.

మన దండారి చూడండి. దీపావళికి గుస్సాడీ కట్టేవాళ్లు ఆ రోజులన్నీ నియమంతో ఉంటారు, స్నానం కూడా చేయరు. నెమలీకల టోపీకి మొక్కిన తర్వాతే తలమీద పెడతారు. దాన్ని గౌరవంతో నేర్చుకుంటామంటే ఎవరొచ్చినా మన పెద్దలు నేర్పుతారు. నవ్వించడానికి అట్టముక్కతో చేసి పెట్టుకుంటామంటే మాత్రం కుదరదు.

కాబట్టి మీ మండలంలో ఏ బడిలోనైనా ఇలాంటి వేషం వేయిస్తుంటే, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని పోండి. పిల్లల మీద కేకలేయకండి. హెడ్మాస్టరుతో కూర్చుని చెప్పండి: మేము ఇక్కడే ఉన్నాం, మా పాట, మా ఆట మమ్మల్నే అడగండి. వినకపోతే అందరం కలిసి పోదాం. అంత పెద్ద కంపెనీయే వెనక్కి తగ్గింది, ఒక బడి తగ్గదా?

హాల్లో ఈసారి మన బిడ్డ ఒక్కడే కూర్చుని భయంతో చప్పట్లు కొట్టకూడదు. నేను అడిగేది అంతే.

జోహార్ కొమురం భీం! జై ఆదివాసీ!