పక్క తడవని రాత్రి



పెద్దవాళ్లు నిద్రలో పక్క తడుపుకోవడం గురించి మాట్లాడటానికి అనకాపల్లి వచ్చాను. మూత్రకోశ వ్యాధుల వైద్యుడిగా నాకిది రోజూ వినే బాధ. ఇంట్లో వాళ్లకు మాత్రం పైకి చెప్పుకోలేని బాధ. పెద్దల్లో వందకు ఒకరిద్దరికి ఈ ఇబ్బంది ఉంటుందని అధ్యయనాల అంచనా. వయసు పైబడేకొద్దీ ఇంకా ఎక్కువ. అంటే ఇంతమంది కూర్చున్న ఈ సభలోనూ ఉంటారు. వాళ్లు ఎవరివైపూ చూడక్కర్లేదు, నేను చెప్పేది వింటే చాలు.

చెరకు వేసే రైతు ఒకాయన, డెబ్బై దాటినవారు, కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. హైదరాబాద్‌లో మనవరాలి పెళ్లి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తు తీస్తే ఎక్కనన్నారట. మోకాళ్ల నొప్పులని సాకు చెప్పారట. రోజూ దుప్పట్లు ఉతికే కోడలికి అసలు సంగతి తెలుసు కనుక పట్టుబట్టి తీసుకొచ్చింది. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా తగిలింది. "ఒంటికి వెళ్లి రండి తాతగారూ" అని పంపి, వచ్చాక స్కాన్ తీస్తే లోపల ఇంకా లీటరుకు దగ్గరగా నిలవ ఉంది. మామూలుగా మూత్రాశయం పట్టేది అర లీటరుకు కాస్త అటూ ఇటూ. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి దారి మూసేసింది. చెరువు నిండితే అలుగు పారినట్టు, పట్టనిదంతా నిద్రలో బయటికి పోతోంది. "నాకు బాగానే వస్తోంది బాబూ, ఎక్కువే వస్తోంది" అన్నారాయన. ఆ మాటకే మోసపోతాం.

మగవారిలో, ముఖ్యంగా 60 దాటాక, కొత్తగా పక్క తడవడం మొదలైతే ముందు అనుమానించాల్సింది దీన్నే. డయాపర్ కట్టి ఊరుకుంటే పక్క పొడిగానే ఉంటుంది. లోపల ఒత్తిడి వెనక్కి తన్ని కిడ్నీలు పాడవుతాయి, అవి పాడైన సంగతి చాలాకాలం తెలియదు. ఒక స్కాన్, ఒక క్రియాటినిన్ పరీక్ష చేయిస్తే బయటపడే విషయమిది. ఆ రైతుకు గొట్టం వేసి మూత్రం తీశాం, తర్వాత ఆపరేషన్ అయింది.

అందరిదీ ఇదే కారణం కాదు. కారణం పట్టాలంటే కొలవాలి. బెల్లం మార్కెట్ ఉన్న ఊరు, కాటా అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. గీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి తీసుకుని మూడు రోజులు, ఎన్ని గంటలకు ఎంత వచ్చిందో, ఏం తాగారో రాయండి. రాత్రి డయాపర్ కట్టే వారుంటే పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, తడిశాక ఒకసారి వంటింటి కాటా మీద తూచండి. తేడా ఎన్ని గ్రాములో దాదాపు అన్ని మిల్లీలీటర్లు. తెల్లవారి లేవగానే పోసేది కూడా రాత్రి లెక్కలోకే వస్తుంది. 65 దాటినవారిలో రోజు మొత్తంలో మూడోవంతుకు మించి రాత్రే వస్తుంటే శరీరం రాత్రిపూట ఎక్కువ మూత్రం తయారుచేస్తోందని అర్థం. రాత్రి వచ్చేది కొంచెమే అయినా ఆగడం లేదంటే మూత్రాశయంలోనో, ప్రోస్టేట్‌లోనో, ఇన్ఫెక్షన్‌లోనో, మలబద్ధకంలోనో వెతకాలి. అవును, మలబద్ధకమే. నిండిన పేగు పక్కనున్న మూత్రాశయాన్ని నొక్కుతుంది.

రాత్రి మూత్రం ఎక్కువయ్యే వారికి నేను మొదట అడిగేది షుగర్ గురించి, రెండోది ఉప్పు గురించి. జపాన్‌లోని నాగసాకి వైద్యులు 2017లో ఒక అధ్యయనం వెల్లడించారు. ఉప్పు ఎక్కువ తినేవారిలో 223 మంది రోజుకు 10.7 గ్రాముల నుంచి 8 గ్రాములకు తగ్గించుకున్నారు. రాత్రి సగటున 2.3 సార్లు లేచేవారు 1.4 సార్లకు వచ్చారు. మందు లేదు, మాత్ర లేదు. ఇక మన రాత్రి భోజనం చూడండి. ఆవకాయ, మజ్జిగలో ఉప్పు, అంచుకు ఊరమిరపకాయ, పూడిమడక వైపైతే ఎండుచేప. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు. పగలు తినే పచ్చడి ముక్క కంటే రాత్రి తినే ముక్క గురించే నా బెంగంతా.

నీళ్ల విషయంలో జనం చేసే పని నాకు చాలా బాధ కలిగిస్తుంది. మధ్యాహ్నం నుంచే గొంతు తడుపుకోవడం మానేస్తారు. మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, మలం గట్టిపడుతుంది, ఎండాకాలంలో పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడిపోతారు. నీళ్లు తగ్గించకండి, వేళ మార్చండి. ఎక్కువ భాగం సాయంత్రం 6 లోపు తాగేసి, తర్వాత కాఫీ, టీ, మద్యం ఆపండి. కాళ్లు వాచేవారు మధ్యాహ్నం ఒక గంట కాళ్లు ఎత్తున పెట్టుకుని పడుకోండి. లేకపోతే ఆ నీరంతా రాత్రి పడుకున్నాకే రక్తంలోకి చేరి మూత్రమవుతుంది. నీటి మాత్ర ఏ వేళకు వేసుకోవాలో, నిద్రమాత్ర అసలు అవసరమో కాదో మీ డాక్టరును అడగండి, మీ అంతట మీరు మార్చకండి. పెద్దగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయేవారికి ఆ జబ్బుకు వైద్యం చేస్తే పక్క తడవడం కూడా తగ్గుతుంది. పడుకునేముందు ఒకసారి ఒంటికి వెళ్లి, పావుగంట ఆగి మళ్లీ వెళ్లండి. మరుగుదొడ్డి పెరట్లో ఉంటే మంచం పక్కనే ఒక యూరిన్ పాట్ పెట్టండి.

ఇవన్నీ చేస్తూ ఉండగా ఈ రాత్రి ఎలా గడవాలి? డయాపర్ కొనేటప్పుడు నడుము, పిరుదులు కొలిచి కొనండి. పెద్దదైతే ఎక్కువ పీలుస్తుందనుకుంటారు, తొడల దగ్గర సందు మిగిలి అక్కడే కారుతుంది. రాత్రికి ప్యాంటులా తొడిగే రకం కంటే పక్కల అంటించే రకం నయం. లోపల తొడల వెంట నిలబడే మడతలుంటాయి. అవి లోనికి ముడుచుకుపోతే ఎంత ఖరీదైనదైనా కారుతుంది కాబట్టి వేలితో పైకి లేపాలి. మగవారికి అంగం కిందికి ఉండేలా కట్టాలి, పైకి ఉంటే బొడ్డు దగ్గర చొక్కా తడుస్తుంది. ఒకదాని మీద ఒకటి రెండు కట్టడం వృథా. లోపలిదానికి ప్లాస్టిక్ పొర ఉంటుంది, రెండోదానికి తడి చేరదు. దట్టంగా జిడ్డు క్రీము పూస్తే అది డయాపర్‌కు అంటి పీల్చనివ్వదు. శుభ్రంగా కడిగి, తడి ఒత్తి, పలుచగా రాస్తే చాలు.

పక్క రెండు వరుసలుగా వేయండి. పరుపు మీద రబ్బరు షీటు, దానిపై పాత నూలుచీర మడతలు, దుప్పటి. మళ్లీ దానిపై ఇంకో షీటు, చీర, దుప్పటి. అర్ధరాత్రి తడిస్తే పై వరుస లాగేస్తే కింద పొడిపక్క సిద్ధంగా ఉంటుంది. కోడలి నిద్ర, అత్తగారి మానం రెండూ నిలుస్తాయి. వాడిన డయాపర్ కాగితంలో చుట్టి పొడిగా ఉండే చెత్తతో కలపకుండా బండివాళ్లకు ఇవ్వండి. శారదా నదిలో పడేయకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి డయాపర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అయినా నెల ఖర్చు పేదింటికి బరువే, అందుకే అవసరం తగ్గించే వైద్యం ముందు కావాలి.

చిన్నప్పటి నుంచి పక్క తడపడం ఆగని యువకులు, పెళ్లంటే భయపడి సంబంధాలు తిప్పికొట్టేవారు నా దగ్గరికి వస్తారు. వారికి డెస్మోప్రెసిన్ అనే మందు చాలాసార్లు పనిచేస్తుంది. పెద్దవయసులో మాత్రం అదే మందు రక్తంలో సోడియం ప్రమాదకరంగా తగ్గించగలదు, పరీక్షలు లేకుండా మందుల షాపులో అడిగి కొనకండి. అమ్మలూ, కాన్పు తర్వాతో గర్భసంచి ఆపరేషన్ తర్వాతో రాత్రీ పగలూ ఆగకుండా కారుతుంటే అది మూత్రాశయానికి పడిన రంధ్రం కావచ్చు, ఆపరేషన్‌తో మూసుకునే జబ్బు. ఎన్నేళ్లయినా సరే చూపించుకోండి.

మన ఎన్టీఆర్ ఆసుపత్రిలో మొదటి పరీక్షలు చేయించుకోవచ్చు, అవసరమైతే విశాఖ కేజీహెచ్‌లో మూత్రకోశ విభాగం ఉంది. రేపటి నుంచి మూడు రోజులు కొలిచి రాసి, ఆ కాగితంతో రండి. మీ ఇంట్లో పెద్దాయన పక్క తడుస్తుంటే మీరే అడిగి తీసుకురండి. ఆయన అడగరు.