రెడ్ పాండా కంచె దాటింది!

పోయిన వారం ప్లానెట్ జూ గేమ్‌లో మా పాప ముద్దుగా పెంచుకుంటున్న రెడ్ పాండా పారిపోయింది. కంచె ఎత్తు పెంచాను. మళ్లీ పోయింది! పాప నావైపు చూసిన చూపు... ఎందుకులెండి.

తప్పు కంచెది కాదు, అందంగా ఉంటుందని దాని పక్కనే నేను పెట్టిన బండరాయిది. ఎక్కే జంతువుకి అదే నిచ్చెన. జంతువు ఎక్కడిదాకా వెళ్లగలదో రంగుల్లో చూపించే మ్యాప్ ఒకటి ఉంది గేమ్‌లో. జంతువుని వదిలే ముందే అది చూసుకోండి. రంగు కంచె అవతల కనిపిస్తే రాయి లోపలికి జరపండి, లేదా ఎక్కడానికి వీల్లేని కంచె సెట్టింగ్ పెట్టండి.

నిజం జూలో కూడా ఇదే కథ. మన వాషింగ్టన్ నేషనల్ జూలో 2013 జూన్‌లో రస్టీ అనే రెడ్ పాండా బయటపడింది. వానకి వంగిన వెదురే దానికి వంతెన అయ్యుంటుందని జూ వాళ్లు అనుకున్నారు. ఆడమ్స్ మోర్గాన్‌లో ఎవరో చూసి ట్విట్టర్‌లో ఫోటో పెడితే అదే రోజు దొరికింది. కట్టినరోజు కంచె సరిగ్గానే ఉండి ఉంటుంది, మధ్యలో వాన పడింది మరి!

గేమ్‌లో అయితే కంచె పాతబడి బలం తగ్గుతుంది. బాగుచేయడానికి మెకానిక్ ఉండాలి. నేను ఒక్కణ్నీ పెట్టుకోలేదు. ఇప్పుడు పెట్టాను కానీ, రాళ్లు పెట్టే పని మాత్రం పాప నా చేతుల్లోంచి లాగేసుకుంది.